సింగపూరు వెళ్లొచ్చిన కొంగుముడులు

పట్టుచీర కొంగుకు ముడి వేసే ఆడవాళ్లంటే నాకు ఒళ్లుమంట. సూర్యాపేటలో ఇరవై ఆరేళ్లుగా చీరలకు ఫాల్స్ కుడుతున్నాను, పీకో చేస్తున్నాను, కొంగులకు కుచ్చులు వేస్తున్నాను. ముడి పడ్డ చోట జరీ విరుగుతుంది. తర్వాత ఎంత ఇస్త్రీ చేసినా ఆ ముడత పోదు. తాళంచెవి, గుడిలో ఇచ్చిన కుంకుమ పొట్లం, మందుబిళ్లలు, అన్నీ కొంగునే కట్టుకుని తిరిగి, చివరికి ఆ చీర నా ముందు పడేసి "జర మంచిగ చెయ్యక్కా" అంటారు. చేస్తాను. నాలుగు తిట్టి మరీ చేస్తాను. నా షాపుకు వచ్చేవాళ్లకు నా నోరు అలవాటే.

ఈ విషయంలో నా దగ్గర అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది నా దోస్తు. కోదాడలో ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా మాది ఒకే బెంచీ. దాన్ని 'అది' అని తప్ప ఇంకోలా అనడం నాకు చేతకాదు. అది కూడా నన్ను అంతే. పెళ్లయ్యాక నేను సూర్యాపేట వచ్చాను, అది మిర్యాలగూడ పోయింది. అక్కడ బస్సు కండక్టరు ఉద్యోగం వచ్చింది దానికి. ముప్పై ఏళ్లు చేసింది, ఎక్కువ కాలం మిర్యాలగూడ, కోదాడ మధ్య తిరిగే బస్సులోనే.

దాని జ్ఞాపకశక్తి గురించి ఆ దారి పొడుగునా చెప్పుకునేవాళ్లు. బస్సులో అరవై మంది ఉన్నా ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగాలో దానికి నోటికే ఉండేది. కునుకు తీస్తున్న వాళ్లను సరిగ్గా వాళ్ల ఊరు రాగానే భుజం తట్టి లేపేది. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలకు పోయేవాళ్ల షిఫ్టులు కూడా గుర్తుపెట్టుకుని, "నిన్న మాపటి డ్యూటీ గదా, ఇయ్యాల పొద్దుగాలనే ఎక్కినవేంది" అని అడిగేది. అంత జ్ఞాపకం ఉన్న మనిషికి కొంగుముడి ఎందుకంటే, అది వాళ్లమ్మ నేర్పిన అలవాటు. మర్చిపోకూడని పని ఏదైనా ఉంటే కొంగు చివర చిన్న ముడి వేసుకోవాలి. కొంగు చేతికి తగిలినప్పుడల్లా పని గుర్తొస్తుంది. పని అయిపోగానే ముడి విప్పేయాలి. మా వైపు ఆడవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటే. దాని కొంగుకు ఎప్పుడు చూసినా ఒక్క ముడే ఉండేది, అదీ సాయంత్రానికి విడిపోయేది.

అది రిటైరైన ఏడాది షాపుకు వచ్చి స్టూలు మీద కూర్చుని, "విమానం ఎక్కుదామే" అంది. "మందిని ఊర్లకు దింపుడే అయింది నా బతుకంతా. నేను ఏడికి పోయిన?"

అట్లా ఇద్దరం సింగపూరు, మలేషియా టూరుకు బయలుదేరాం. ఆరు రోజులు. హైదరాబాదు నుంచి నలభై మంది తెలుగువాళ్లు, వెంట ఒక టూరు మేనేజరు. మూడేళ్లయింది. ఆ ఆరు రోజుల ముచ్చట్లు నేను పెళ్లిళ్లలో, సీమంతాలలో, షాపులో ఎంతమందికి చెప్పి నవ్వించానో లెక్కలేదు. ఇప్పుడు అవే ముచ్చట్లు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తున్నది. అయినా చెప్తాను. ఎట్లా జరిగిందో అట్లాగే చెప్తాను.

మొదటి నవ్వులాట శంషాబాదు విమానాశ్రయంలోనే మొదలైంది. తనిఖీ చేసే అమ్మాయి దాని కొంగు పట్టుకుని, ఈ ముడుల్లో ఏముందో చూపించమంది. అప్పటిదాకా నేనూ చూడలేదు. ఐదు ముడులున్నాయి. వెనకాల లైను అంతా నిలబడిపోయింది. అది తాపీగా ఒక్కొక్కటీ విప్పింది. ఒకదాంట్లో ఇంటి తాళంచెవి. ఇంకోదాంట్లో నాలుగు యాలకులు. మూడోదాంట్లో బీపీ గోలీ. నాలుగోదాంట్లో మడతపెట్టిన చీటీ. ఐదోదాంట్లో ఏమీ లేదు.

"ఇది దేనికేసినవే?" అన్నాను.

"యాది లేదు" అని నవ్వింది.

ఆ చీటీ నేను లాక్కుని చూశాను. నా పేరు, నా ఫోను నంబరు, కింద 'నా దోస్తు, సూర్యాపేట' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. "నా పేరు రాసుకున్నవేందే, నన్ను గూడ మర్చిపోతవా?" అన్నాను. "ఏమో, మర్చిపోతే?" అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. తనిఖీ అమ్మాయికి తెలుగు రాకపోయినా మమ్మల్ని చూసి నవ్వింది.

విమానంలో చలి. కాళ్లు ముడుచుకోవడానికి చోటు లేదు. కొత్తగా కొన్న బూట్లు చీర కింద వేసుకున్నాను, మడమ దగ్గర అప్పటికే ఒరుసుకుని మండుతున్నది. అది బాత్రూముకు పోయి ఎంతకూ రాలేదు. లేచి వెతికితే, మా వరసకు ఆరు వరసల వెనక, ఎవరో తమిళాయన పక్కన, ఆయన దుప్పటే కప్పుకుని నిద్రపోతున్నది. ఆయన పాపం లేపడానికి మొహమాటపడి చేతులు కట్టుకుని వణుకుతూ కూర్చున్నాడు. లేపి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. "అన్ని సీట్లు ఒక్కతీరుగనే ఉన్నయే" అంది. "నీ బస్సుల గూడ ఒక్కతీరుగనే ఉంటయి గదే, డ్రైవరు సీట్ల కూసున్నవా ఎన్నడన్న?" అన్నాను. ఈ మాటకు మా మేనకోడలి పెళ్లిలో జనం ఎంత నవ్వారో చెప్పలేను.

మలేషియాలో హోటలు ఎనిమిదో అంతస్తు. గదికి తాళంచెవి బదులు అట్టముక్కలాంటి కార్డు ఇచ్చారు. అది ఆ కార్డును కొంగున కట్టింది. ముడి బిగించేసరికి కార్డు వంగి, తలుపు తెరుచుకోలేదు. రెండుసార్లు కొత్త కార్డు ఇప్పించుకున్నాం. మూడోసారి కింద కూర్చున్న అమ్మాయి కార్డు నా చేతికిచ్చి, దాని వైపు చూపించి, వద్దన్నట్టు తలూపింది. మర్నాడు పొద్దున టిఫిను దగ్గర నేను నూడుల్స్ ముందు కూర్చుని, నంజుకోవడానికి దాని సంచిలో ఉన్న చింతకాయ తొక్కు కోసం ఎదురుచూస్తున్నాను. తొక్కు తెస్తానని కార్డు తీసుకుని పైకి పోయిన మనిషి అరగంటైనా రాలేదు. పోయి తలుపు కొడితే మా గదిలో లేదు, ఒక్కో అంతస్తూ వెతుక్కుంటూ దిగాను. ఆరో అంతస్తులో, మా గదికి సరిగ్గా రెండంతస్తుల కింద ఉన్న గదిలో, ఒక చైనా ముసలామె మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నది. ఇది మా రూమని తలుపు కొట్టీ కొట్టీ గొడవ పెట్టుకుందట. ఆమె చైనా భాషలో, ఇది తెలుగులో కాసేపు వాదించుకున్నాక ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టిందట. నేను పోయేసరికి ఆ ముసలామె దాని చెయ్యి నిమురుతున్నది. భాష రాని ఆమెకు ఏం కనపడిందో అప్పుడు నేను ఆలోచించలేదు. నలభై ఏళ్లకు పైగా తెలిసిన నాకు మాత్రం నవ్వు తప్ప ఏమీ కనపడలేదు.

టూరు బస్సులో అది సీట్లో కుదురుగా కూర్చునేది కాదు. బస్సు కదిలే ముందు లేచి, డోరు దగ్గర నుంచి తలలు లెక్కపెట్టేది. ముప్పై ఏళ్ల అలవాటు, అందరికీ ముచ్చటగానే ఉండేది. "జర జరుగుండ్రి, ఎనక ఖాళీ ఉంది" అంటే బస్సంతా గొల్లుమనేది. కానీ లెక్క మాత్రం ఒకసారి ముప్పై ఎనిమిది, ఒకసారి నలభై మూడు వచ్చేది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది. మూడోసారికి టూరు మేనేజరు చిరాకుపడ్డాడు. నేను గట్టిగా అన్నాను, "రిటైరైంది అది గాదు సార్, దాని లెక్క" అని. అందరూ నవ్వారు. అదీ నవ్వింది. నవ్వుతూనే వచ్చి కూర్చుని, హోటలు వాళ్లిచ్చిన చిన్న కాగితాల పుస్తకం తీసి ఏదో రాసుకుని, చింపి, కొంగున ముడేసింది. నాకు చీర కనపడింది గానీ మనిషి కనపడలేదు. "మంచి గద్వాల చీర ఖరాబ్ చేస్తున్నవే" అన్నాను.

ఐదో రోజు సింగపూరులో రైలు. అందరం ఎక్కుతున్నాం. నా బూటులో కాలు బొబ్బలెక్కి, మడమ దగ్గర బట్ట పెట్టుకుందామని ఒక్క క్షణం వంగాను. తలెత్తేసరికి తలుపులు మూసుకున్నాయి. అద్దం అవతల అది. ఇవతల నేను, నాతో పాటు ఆగిపోయిన టూరు మేనేజరు. నన్ను చూసి చెయ్యి ఊపింది. రైలు పోయింది.

దాని దగ్గర ఫోను లేదు, ఇద్దరికీ కలిపి నా ఫోనులోనే సిమ్ము వేయించాం. రైల్లో ఉన్న మా వాళ్లు తర్వాతి స్టేషనులో దిగారు. దిగిన గుంపులో అది లేదు. వాళ్లు చూసుకోలేదు. నాకు అప్పటికీ ధైర్యంగానే ఉంది. ఎందుకంటే తప్పిపోయినవాళ్లకు అది చెప్పే మాట నాకు తెలుసు. 'దిగిన కాడనే నిలబడాలె, మనోళ్లు ఎనక బస్సుల వస్తరు' అని ఎంతమంది పిల్లతల్లులకు చెప్పిందో. కాబట్టి తర్వాతి స్టేషనులోనే ఎక్కడో నిలబడి ఉంటుందనుకున్నాను. లేదు. ఆ పై స్టేషనులో లేదు. ఒక్కో స్టేషనులో దిగి, వెతికి, మళ్లీ ఎక్కి, గంటన్నర. కనపడ్డ ప్రతివాళ్లకూ ఫోనులో దాని ఫోటో చూపించాను.

చివరి స్టేషనులో దొరికింది. యూనిఫాం వేసుకున్న ఒకామె పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది. చేతిలో నీళ్ల సీసా. రెండో చేతిలో కొంగు గుప్పిట పట్టుకుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది, బడిలో తప్పు చేసిన పిల్లలు నిలబడినట్టు.

"ఏ స్టాపుల దిగాల్నో యాదికి రాలేదే" అంది.

భయం తీరగానే నా నోరు లేచింది. "ముప్పై ఏండ్లు మందిని దింపినవు. నిన్ను నువ్వు దింపుకోరాలేదా? బుద్ధి ఉందా నీకు? ఐదు రోజుల నుంచి నీ ఎనక తిరుగుడే అయితంది నాకు. నేను ఊరు సూడనీకి వచ్చిన్నా, నిన్ను కావలి కాయనీకి వచ్చిన్నా?" ఆ మాటలు అన్నీ నావే. ఒక్కటి కూడా మర్చిపోలేదు. చుట్టూ జనం ఆగి చూశారు.  బస్సెక్కాక అది కిటికీ వైపు తిరిగి, కాగితం మీద ఏదో రాసి, ఇంకో ముడి వేసింది. "ఇగ గదొక్కటే తక్కువ" అన్నాను నేను.

ఊరికి వచ్చాక కోపాలన్నీ మర్చిపోయి ముచ్చట్లు మిగిలాయి. నేను చెప్పడం, జనం నవ్వడం. పక్కన అది ఉంటే, "చైనా అవ్వ కథ చెప్పవే" అని అదే అడిగేది. శ్రద్ధగా వినేది. నేను చెప్పేదాకా దానికి ఆ కథ తెలియదని, నా నోటి నుంచి మొదటిసారి వింటున్నట్టు వింటున్నదని నాకు ఎట్లా తెలుస్తుంది? తెలియాలి. నాకే తెలియాలి. ఇంకెవరికి తెలుస్తుంది?

ఏడాది తిరక్కుండా మిర్యాలగూడ నుంచి దాని బిడ్డ ఫోను చేసింది. పాలు పొయ్యి మీద పెట్టి బజారుకు పోవడం, పోయిన చోటు నుంచి ఇంటికి రాలేకపోవడం. హైదరాబాదులో పెద్ద దవాఖానాలో తలకు పరీక్షలన్నీ చేయించారట. మతిమరుపు జబ్బు, తగ్గేది కాదు, పెరిగేదే అన్నారట. "రెండు మూడేండ్ల కిందనే షురువైనట్టుంది అన్నరు చిన్నమ్మా. నీకేమన్న కనపడ్డదా టూరుల?" అని అడిగింది ఆ పిల్ల. నేను నోరున్న మనిషిని. ఆ నోటితోనే లేదమ్మా అని అబద్ధం చెప్పాను.

మొన్న వానాకాలంలో ఆ పిల్ల ఒక మూటతో షాపుకు వచ్చింది. దాని చీరలు. "అమ్మకు చీర కట్టుకునుడు అయితలేదు చిన్నమ్మా. కుచ్చిళ్లు కాలికి తట్టుకుని రెండుసార్లు పడ్డది. మెత్తటివి సూసి నైటీలు కుట్టియ్యి. బీరువా కింద దొరికింది ఈ మూట, టూరుకు పోయిన చీరలే అనుకుంట. ఉతుకుదామని కట్టిపెట్టి మర్చిపోయినట్టుంది" అంది.

ఆ పిల్ల పోయాక మూట విప్పాను. ఆరు చీరలు. అన్నింటి కొంగులకూ ముడులు. మూడేళ్లుగా బిగుసుకుపోయి ఉన్నాయి. గోళ్లకు రాకపోతే సూది మొనతో ఒక్కొక్కటే విప్పాను. అన్నింట్లో హోటలు కాగితాల చీటీలు. గుండ్రటి అక్షరాలు.

'రూము ఎనిమిదో అంతస్తు. ఆరు కాదు.'

'పాస్‌పోర్టు దాని దగ్గర ఉంది. ఎతకొద్దు.'

'పొద్దుటి గోలీ ఏసుకున్న.'

'బస్సుల నలభై మంది. మళ్ల లెక్కపెట్టొద్దు.'

'దాన్ని మళ్ల మళ్ల అడగొద్దు.'

రైలెక్కిన రోజు కట్టిన నీలం చీర చివరన తీశాను. ఆ ముడి గట్టిగా ఉంది. అందులో ఉన్న చీటీ ఇది: 'దానికి చెప్పొద్దు. దాని టూరు ఖరాబైతది.'

దానికి తెలుసు. తనకేదో అవుతున్నదని దానికి అప్పటికే తెలుసు. తెలిసి, భయపడి, ఆ భయాన్ని నా పక్క సీట్లోనే కూర్చుని కాగితం మీద రాసుకుని, నా టూరు చెడకూడదని ముడేసుకుంది. నేను చీర ఖరాబైతదని తిట్టాను. షట్టరు సగం దించి, మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. గిరాకీ ఎవరో వచ్చి పిలిచి పోయారు.

నైటీలు కుట్టి నేనే తీసుకుని మిర్యాలగూడ పోయాను. దానికి నచ్చుతుందని మంచి పట్టుచీర కట్టుకున్నాను. వాళ్లిల్లు రైసు మిల్లుల వెనక సందులో ఉంటుంది, ఎప్పుడూ ఉడికిన వడ్ల వాసన. వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. చిక్కిపోయింది. నన్ను చూసి మర్యాదగా లేచింది.

"రాండి, కూసోండి. ఎండల వచ్చిన్రు" అంది.

ఒకటో తరగతి నుంచి నన్ను ఏమే అన్న మనిషి. తిట్టుకున్నా, కొట్టుకున్నా ఒక్కసారి కూడా 'మీరు' అనలేదు. ఆ మర్యాద నేను తట్టుకోలేకపోయాను. లోపలి నుంచి దాని బిడ్డ మంచినీళ్లు తెచ్చి, "సింగపూరు ముచ్చట చెప్పు చిన్నమ్మా, నవ్వుతది" అంది.

చెప్పాను. తమిళాయన దుప్పటి చెప్పాను, చైనా అవ్వ చాయ్ చెప్పాను. నిజంగానే నవ్వింది, పళ్లన్నీ కనపడేట్టు, వెనకటి నవ్వు. ఆ నవ్వు చూసి ఆగలేక రైలు సంగతి కూడా చెప్పాను. తలుపులు మూసుకోవడం, అద్దంలోంచి చెయ్యి ఊపడం. అక్కడికి వచ్చేసరికి నవ్వు ఆపి ముందుకు వంగింది.

"దొరికిందా ఆమె?"

"దొరికింది."

"మరి దొరికినంక?"

"తిట్టిన" అన్నాను. "అందరి ముందట తిట్టిన."

"పాపం" అంది.  "తెల్వని దేశం. ఎంత భయపడి ఉంటదో. గట్ల తిట్టొద్దు."

తన ఒళ్లో చెయ్యి తడుముకుంది, కొంగు కోసం. నైటీకి కొంగు లేదు. పక్కకు వంగి నా కొంగు అందుకుంది. వేళ్లకు ఆ పని ఇంకా గుర్తుంది. జరీ అంచు మడిచి, ఒక చుట్టు చుట్టి, గట్టిగా గుంజి ముడేసింది. సరిగ్గా పడిందా లేదా అని ఒకసారి లాగి చూసి నా చేతిలో పెట్టింది.

"తిట్టొద్దని ఏసిన" అంది. "లేకుంటే మర్చిపోతరు మీరు."

జరీ విరుగుతుందని నేను అనలేదు.